ముప్పై ఏడో బొమ్మ

మధ్యాహ్నం గిన్నెలు సర్దాక అక్క వంటింటి బల్ల తుడిచి, కింద దీపం వెలిగే గాజు పలక పెట్టుకుని, చేతులకి తెల్ల నూలు తొడుగులు వేసుకునేది. వీధి చివరి ఫొటో స్టూడియో వాళ్లు కడిగిన ఫిల్ము రీళ్లు ఆమెకే పంపేవారు. చుట్టుకోకుండా కింద బరువు తగిలించి ఆరబెట్టి, ఆరు బొమ్మలకో ముక్కగా కోసి, కవర్లలో పెట్టివ్వాలి. పని చిన్నదే కానీ నియమాలున్నాయి. అంచులే పట్టుకోవాలి. రెండు బొమ్మల మధ్య సందులోనే కత్తెర పడాలి. అన్నిటికంటే ముఖ్యం, ఒట్టి వేలు బొమ్మకి తగలకూడదు. ఆ మరక దిగితే ఇక పోదు.

రీళ్లలో ఉన్నవాళ్లకి ఆమె చేసేదంతా ఒంటికి తెలిసేది.

"అమ్మాయ్, నన్ను ఆరగట్టావా?" ఎదురింటి టైలరు కిటికీలోంచి అడిగేవాడు. "కాళ్లకి బరువు కట్టినట్టుంది."

"ఇంకో గంట ఓర్చుకోండి బాబాయిగారూ. అదే రీల్లో ఉన్న పిన్నిగారు కిక్కురుమన్నారా?"

"ముప్పయ్యేళ్లు నన్ను మోసింది. దానికిదో బరువా?"

తమ్ముడు ఇల్లు వదిలి పదకొండు నెలలైంది. ఒకనాడు అక్కకి సాయం చేస్తూ కత్తెర బొమ్మ నడిమికి పోనిచ్చాడు. అందులోని పెద్దాయన వారం రోజులు నడుం పట్టుకుని తిరిగాడు. "నీవి పనికొచ్చే చేతులు కావురా," అంది అక్క. కంచం ముందు నుంచి లేచి వెళ్లినవాడు మళ్లీ ఉత్తరం ముక్కైనా రాయలేదు.

అతనిది ఒక్కటే బొమ్మ మిగిలింది. రీలుకుండే ముప్పై ఆరు బొమ్మలూ అయిపోయాక కొసన తీసిన ముప్పై ఏడోది. సగం వెలుతురు తినేసింది. నెగెటివ్‌లో నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపవుతుంది కదా, పాతికేళ్లవాడికి తల నెరిసి, పళ్లు నల్లబడ్డాయి. రోజూ పనయ్యాక అక్క దుమ్ము దులిపే కుంచెని ఆ మెడ మీద ఆడించేది. గోక్కుంటూనైనా ఇల్లు తలుచుకుంటాడని.

"ఎన్నాళ్లు గిలిగింతలు పెడతావే?" అంది అమ్మ.

"వచ్చేదాకా."

"వాడు మొండిఘటం."

"మరి నేనెవరి కూతుర్ని?"

ఆ సోమవారం అక్క కుంచె పక్కన పెట్టి, కుడిచేతి తొడుగు విప్పింది. అమ్మ చూసింది, వద్దనలేదు. బొమ్మలో తమ్ముడి భుజం మీద బొటనవేలు ఆనించి, పది లెక్కపెట్టేదాకా అదిమి పట్టుకుంది. ఇరవయ్యేళ్లలో ఏనాడూ చెయ్యని తప్పు.

మూడోనాటి సాయంత్రం తమ్ముడు గుమ్మంలో నిలబడ్డాడు. సోమవారంనాడు, ఆరేళ్లపాటు ఓడ మీద పనికి సంతకం పెట్టబోయాడట. కలం చేతిలో ఉండగా భుజం మీద చెయ్యి పడింది. వెనక్కి తిరిగితే ఎవరూ లేరు. ఇటు తిరిగేసరికి అతని చోట వరుసలో వెనకవాడు సంతకం పెట్టేస్తున్నాడు.

"కుంచె నీదేనని తెలుసు," అన్నాడు సంచి దించుతూ. "కుంచె ఎవరికైనా వేస్తావు, అందుకే ఊరుకున్నా. ఒట్టి చెయ్యి ఎవరి మీదా వెయ్యవుగా." భుజం తడుముకున్నాడు. "ఇంకా ఇక్కడే ఉందక్కా. తియ్యవా?"

"అది పోదురా."

అక్క రెండో జత తొడుగులు అతని వైపు జరిపింది.

"చేతులు కడుక్కుని రా. నాలుగు రీళ్లున్నాయి."