కింది గిన్నె పెరుగన్నం

నేను ఒక మూడు గిన్నెల స్టీలు క్యారేజీని. నూకరత్నం పెళ్లికి ఆమె మేనత్త నన్ను కొని, అనకాపల్లి కొట్లో నా పొట్ట మీద పేరు కొట్టించి మరీ ఇచ్చింది. అప్పట్నుంచి ఆ ఇంటి మనిషినే అనుకోండి.

మొదట్లో నూకరత్నం మొగుడి చేతికి వేలాడుతూ బెల్లం మార్కెట్‌కి వెళ్లేదాన్ని. అతను అక్కడ బెల్లం దిమ్మలు మోసే కలాసీ. మహా మంచివాడు, కానీ తిండి దగ్గర మాత్రం నిజం చెప్పేవాడు కాదు. నాలో పప్పుచారు ఉన్ననాడే ‘ఇవాళ వంజరం చేప’ అని తోటివాళ్లతో కోతలు కోసేవాడు. నేను మూత బిగించుకుని కూర్చునేదాన్ని. మనుషుల పరువు చాలావరకు మూతల మీదే నిలబడుతుందని నాకు అప్పుడే తెలిసింది.

అతను పోయాక కొన్నేళ్లు అటక మీద ఉన్నాను. తర్వాత వాళ్ల కూతురు గౌరీశ్వరి చేతికొచ్చాను.

ఆ పిల్ల సంగతి చెప్పాలి. చిన్నప్పుడు కుక్కరు కూత వేస్తే మంచం కిందికి దూరి చెవులు మూసుకునేది. అన్నానికి చారు తగిలిందా, కంచానికి కంచమే పక్కకి తోసేది. మొండిఘటం అన్నారు అందరూ. ఇరవై దాటాక ఇంకోటి మొదలైంది. ఎవరూ లేనిచోట మాటలు వినబడేవి. వీధి కుళాయి తననే తిడుతోందని నీళ్లకి వెళ్లడం మానేసింది. విశాఖ తీసుకెళ్తే డాక్టరమ్మ రెండు పేర్లు చెప్పింది. పుట్టుకతో ఉన్నది ఆటిజం, తర్వాత వచ్చింది స్కిజోఫ్రేనియా.

“ఒక్క ఆడగుంటకి రెండు జబ్బులేటమ్మా?” అంది నూకరత్నం.

“ఒకదాన్నించి ఇంకోటి పుట్టలేదమ్మా. సంతలో ఇద్దరు కలిసినట్టు, రెండూ ఒకచోట కలిశాయి, అంతే,” అంది డాక్టరమ్మ.

మందులు పనిచేశాయి. తిట్టే గొంతులు పక్కవీధి రేడియో అంత దూరం జరిగాయి. అయితే మాత్ర నాలుక మీద పడితే గౌరీశ్వరి ఓర్చుకోలేదు, కక్కేస్తుంది. పొడి చేసి పెరుగన్నంలో కలుపుకోవచ్చని డాక్టరమ్మే చెప్పింది. అలా మధ్యాహ్నం మందు నా కింది గిన్నెలో ప్రయాణం చేసేది.

బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షెడ్డులో పిల్లకి పని దొరికింది. అక్కడ ఒక ఆచారం ఉంది. భోజనాల వేళ క్యారేజీలన్నీ నడిమధ్య విప్పాలి, ఎవరి చెయ్యి ఎవరి గిన్నెలోకైనా వెళ్లొచ్చు. మా పిల్ల మాత్రం గోడవైపు తిరిగి, నన్ను ఒళ్లో పెట్టుకుని తినేది. “గీర” అన్నారు. “ముత్యాలు తింటాది గావాల” అని మూతులు తిప్పారు. బట్ట కత్తిరించే మిషను మీద పనిచేసే చిన్నమ్మలు ఒక్కతే పక్కన కూర్చునేది.

చిన్నమ్మలుకి సంగతి చెప్పెయ్యాలని గౌరీశ్వరికి ఉండేది. చెబితే జనరేటరు చప్పుడుకి దూరంగా మూల సీటు అడగొచ్చు. గొంతులు దగ్గరకొచ్చిననాడు కాసేపు బయట కూర్చుంటానని చెప్పొచ్చు. నూకరత్నం ఒప్పుకోలేదు. “ఒకటైతే జాలి పడతారే అమ్మీ. రెండంటే పిచ్చిదంటారు. ఉన్న పని ఊడతాది. నోరిప్పకు.”

దాంతో పిల్ల నన్ను తోముతూ నాతోనే సాధన చేసేది. “అక్కా, నీకో సంగతి చెప్పాలి...” అని మొదలుపెట్టేది. తల్లి అది విని, మళ్లీ గొంతులతో మాట్లాడుతోందని హడలిపోయి డాక్టరమ్మకి ఫోను చేసింది. నిజం చెప్పడం నేర్చుకుంటుంటే జబ్బు తిరగబెట్టిందనుకున్నారు, చూడండి మనుషులు. ఆ తర్వాత పిల్ల నోరు మెదపకుండా తోమేది.

ఒకరోజు చిన్నమ్మలుకి కడుపులో మంటగా ఉంది, చల్లగా పెరుగన్నం మీదికి మనసు పోయింది. గౌరీశ్వరి చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. “ఈ గుంట ఎప్పుడూ మెతుకెట్టదు. ఇయ్యాల దొంగతనంగానైనా తినీసి దీని గీర దించుతాను” అని నవ్వుతూ చిన్నమ్మలు నా కింది గిన్నె ఊడదీసింది. గిన్నెకి కెవ్వుమనే గొంతుంటే ఎంత బాగుండును. చేదుగా ఉందని మొహం చిట్లించినా, పెరుగు పులిసిందనుకుని ఊడ్చేసి, బదులుగా తన పులిహోర పెట్టింది.

గౌరీశ్వరి తిరిగొచ్చి గిన్నె చూసింది.

“తినీసానే. తిట్టుకుంటే తిట్టుకో,” అంది చిన్నమ్మలు.

పిల్ల పలకలేదు. గంట కొట్టారు. అందరూ లేచారు. అప్పుడూ పలకలేదు. చెబితే పని పోతుంది, చెప్పకపోతే అక్క చెయ్యి పోతుంది. ఆ రెంటి మధ్య నన్ను ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చుండిపోయింది. నా కొక్కెం తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. అవతల చిన్నమ్మలు ఆవులిస్తూ గుడ్డల దొంతర కత్తి కిందికి జరుపుతోంది.

పిల్ల లేచి పరుగెత్తింది. మెయిన్ స్విచ్చి కట్టేసింది. మిషన్లన్నీ ఒక్కసారి ఆగాయి. చిన్నమ్మలు ఒక్కదానికి చెప్పాల్సిన మాట షెడ్డంతా వింది.

“అక్కా, కత్తి ముట్టుకోకు. నువ్వు తిన్న అన్నంలో నా మందుంది. నాకలవాటే, నీకు నిద్దరొస్తాది, కళ్లు తిరుగుతాయి. నాకు ఆటిజం ఉంది. స్కిజోఫ్రేనియా కూడా ఉంది. రెండూ ఉన్నాయి.”

“మందెట్టీసిందిరా నాయనా,” అని ఒకామె గుండెలు బాదుకుంది. సూపర్వైజరు దాలినాయుడు ఆమెని కసిరి ఆటో పిలిచాడు. దారిలో చిన్నమ్మలు తల గౌరీశ్వరి భుజం మీద వాలిపోయింది. ఎవరు ముట్టుకున్నా ఒళ్లు జలదరించే పిల్ల, ఆసుపత్రి దాకా కదల్లేదు. అక్కడి డాక్టరుకి మందు పేరూ, మోతాదూ, ఏ జబ్బుకో కూడా తనే చెప్పింది. చిన్నమ్మలు రాత్రంతా అక్కడే నిద్రపోయింది. మర్నాటికి తేరుకుంది.

“నీ నోరు నొక్కీసింది నానేనే,” అని ఇంటి దగ్గర నూకరత్నం కొంగు కళ్లకద్దుకుంది. “గంట కొట్టినప్పుడు నోరు నాదగ్గరే ఉందమ్మా,” అంది కూతురు.

పని ఊడలేదు. “ఇది చెప్పబట్టి కదా చెయ్యి మిగిలింది,” అని దాలినాయుడు మూల సీటు ఇచ్చాడు. కొందరు మాత్రం నన్ను చూస్తే తమ గిన్నెలు దూరం జరుపుకుంటారు. జరుపుకోనివ్వండి.

చిన్నమ్మలు పనిలోకి వచ్చిన రోజు సూటిగా మూలకి వచ్చి నిలబడింది. “నమ్మి పక్కన కూకున్నాను. నాకు ముందే సెప్పుంటే ముట్టుదునా? కోపంగా ఉంది నాకు.”

“ఎప్పుడు పోతాది?” అంది గౌరీశ్వరి. వెటకారం కాదు. ఎదుటివాళ్ల మనసులో ఉన్నది ఆ పిల్ల మొహం చూసి పోల్చుకోలేదు, అడిగి తెలుసుకోవాలి.

“పోయిననాడు సెప్తాను,” అంది చిన్నమ్మలు.

నా కొక్కెం వదులైంది, పాతసామానువాడి బండి ఎక్కే రోజు ఎంతో దూరం లేదు. అందాకా రోజూ మధ్యాహ్నం మూలలో నన్ను విప్పగానే మా పిల్ల అడుగుతూనే ఉంది.

“అక్కా, కోపం పోయిందా?”

“ఇంకా లేదే. నువ్వు ముందు తిను,” అంటుంది చిన్నమ్మలు, పక్కనే చతికిలబడుతూ.