ప్రస్థానం పెట్టిన సంచి

నేను ఒక రెక్సిన్ సంచిని, తల్లీ. విశాఖపట్నం పూర్ణా మార్కెట్ పక్క సందులో రెండు జిప్పులు వేసి కుట్టారు నన్ను. మొదట పైడమ్మ కొనుక్కుంది. పెళ్ళై హైదరాబాదు వెళ్ళిపోయాక, అక్క వరహాలమ్మని చూడ్డానికి వచ్చినప్పుడల్లా నన్నే మోసుకొచ్చేది. రాత్రంతా రైలు. పిచ్చితల్లి, నా మీదే తల పెట్టుకుని పడుకునేది. ఓసారి వెళ్తూ వెళ్తూ, "నీకుండనీ అక్కా, నువ్వూ మాయింటికి రావాలి కదా" అని నన్ను ఇక్కడే వదిలేసింది. వరహాలమ్మ నాలో పాత దుప్పట్లు కుక్కింది. చెల్లెలింటికి వెళ్ళే తీరిక మాత్రం ఆవిడకి ఏ ఏడూ దొరకలేదు.

ఆఖరికి కబురొచ్చింది. పైడమ్మ మంచం మీద ఉంది, అక్క ఏదీ, అక్క ఏదీ అని కలవరిస్తోందట. వరహాలమ్మ కొడుకు సింహాద్రి మర్నాటికి విమానం టిక్కెట్లు తీశాడు.

"ఆరొందల కిలోమీటర్ల పైమాటే. అయినా గంటంబావులో దిగిపోతామే అమ్మా!"

"అంతేనా! మరి ఇంట్లోంచి కదిలేది వర్జ్యంలో కదరా?"

అందుకని నన్ను ప్రస్థానం పెట్టారు. అంటే, మంచి గడియలో సంచి గడప దాటి పొరుగింట్లో కూర్చుంటే మనిషి బయల్దేరినట్టే లెక్క. చీరలూ, విమానం ఎక్కాలంటే చూపించాల్సిన ఆధార్ కార్డూ నాలో సర్ది, తెల్లారకముందే నన్ను ఎదురింటి నూకరత్నం గదిలో పెట్టారు. ఆవిడకేమో హైదరాబాదంటే సాయంత్రం రైలే. ఇంకా బోలెడు పొద్దుందిలే అని తలుపుకి తాళం వేసి, సీమంతం పేరంటానికి వెళ్ళిపోయింది. ఫోను నా పక్కనే మరిచిపోయింది.

పక్కన అది మోగుతూనే ఉంది. బయట తలుపు బాదుతున్నారు.

"తాళం పగలగొట్టేస్తానమ్మా!"

"ఛ, ఒకళ్ళ గుమ్మం పగలగొట్టి ప్రయాణమేంట్రా? వచ్చేస్తాదిలే. హైదరాబాదు గంట దూరమే కదా."

నాకే నోరుంటేనా, పగలగొట్టరా నాయనా అని అరుద్దును.

నూకరత్నం వచ్చి తాళం తీసేసరికి విమానం వెళ్ళిపోయింది. సాయంత్రం ఇంకోటెక్కారు. మేం చేరేసరికి పైడమ్మని చాప మీద పడుకోబెట్టి, తల దగ్గర దీపం పెట్టేశారు. మధ్యాహ్నం దాకా గుమ్మంవైపే చూసిందట.

తిరిగొచ్చాక వరహాలమ్మ నన్ను ముట్టుకోలేదు. పాతసామాన్లవాడు వస్తే కాలితో ముందుకి తోసింది. ఇప్పుడు వాడి కొట్టు వెనక, తుప్పు రేకుల కింద ఉన్నాను. అందుకు నాకేం బాధ లేదు. మనుషులు తమ మీద కోపం సంచుల మీద చూపించడం నాకు కొత్తా?

మరిచిపోలేనిది ఆ రాత్రే. చావింట్లో ఎవరో పెద్దావిడ మంచినీళ్ళిస్తూ మామూలుగానే అడిగింది.

"ఇంటి దగ్గర ఎప్పుడు బయల్దేరావమ్మా?"

వరహాలమ్మ తెల్లారకముందే అని అనబోయింది. నావంక చూసింది. గ్లాసు కింద పెట్టేసింది.