ఆరు పాయింటు నాలుగు

కళ్ళు మూసుకుని పాడటం కూడా నా దగ్గర నేర్చుకున్నదే, అనుకుంటోంది సీతారత్నం, మందిరంలో ఆడవాళ్ళ వైపు మూడో చాప మీద నొప్పి కాలు చాపుకుని, ముందు నిలబడి పాట ఎత్తుతున్న తులసిని ముసుగు అంచు కిందనుంచి చూస్తూ, ఆరేళ్ళ కిందట ఈ మహాతల్లికి స్తోత్రం అనే మాట పలకడం రాదు, పలాస జీడిమిల్లులో పప్పు ఏరే బల్ల దగ్గర పక్కపక్కన కూర్చుని విరగని గుండ్లు ఒక తట్టలోకి, రెండుగా చీలిన బద్దలు ఒక తట్టలోకి, ముక్కలు ఒక తట్టలోకి వేరు చేస్తూ ఒక్కో చరణం నోటికి పట్టించింది ఎవరు, బాప్తిస్మానికి తెల్లచీర ఇచ్చింది ఎవరు, ఆ చీర ఇప్పటికీ తిరిగి రాలేదు, పోనీ, ప్రభువు పనికి ఇచ్చిన చీర గురించి అనుకోకూడదు, కానీ ఆ చీరతోనే సముద్రంలో మునిగి లేచినప్పుడు ఒడ్డున ఉన్నవాళ్ళంతా ఎంత వెలుగో ఆ ముఖంలో అన్నారు, పద్దెనిమిదేళ్ళ కిందట తను లేచినప్పుడు ముక్కులోకి ఉప్పునీళ్ళు పోయి దగ్గింది, ఎవరూ ఏమీ అనలేదు, వెలుగు ఊసే ఎత్తలేదు.

పాతికేళ్ళు పప్పు ఏరిన కన్ను ఊరికే ఉండదు, చెయ్యి తగలకముందే గుండేదో బద్దేదో చెప్పేస్తుంది, మందిరంలోకి వచ్చినా అదే పని, పాస్టరు యుగంధర్‌గారి భార్య గుండు, కిటికీ పక్కన కునికే మోహిని బద్ద, తులసి మాత్రం మరక లేని పెద్ద గుండు, పాట ఆమెకే, ప్రార్థన ఆమెకే, పండక్కి పాస్టరుగారు ముందు గడప తొక్కేది ఆమె ఇంటిదే, మరి తను, తను ముక్క, తట్ట అడుగున మిగిలేది, సూర్యం పోయిన దగ్గర్నుంచి తనను చూసి అందరూ గొంతు తగ్గించి మాట్లాడతారు, పెద్దక్కని అప్పా అనే ఊరు, అయ్యో రత్నప్పా అంటారు, అనేసి తులసి వైపు తిరిగి నవ్వుతారు. నాలుగేళ్ళయింది సూర్యం పోయి, భర్త కోసం ఎన్ని శుక్రవారాలు ఉపవాసం ఉంది, ఈ రేకుల కిందే, ఈ చాపల మీదే, మోకాళ్ళు కాయలు కాసేదాకా, తగ్గించు తండ్రీ ఆ అంకె తగ్గించు అని, ఉద్దానంలో అక్షరం రానివాళ్ళకి కూడా ఆ అంకె వస్తుంది, నెత్తురు తీసి కిడ్నీ ఎంత పాడయిందో చెప్పే క్రియాటిన్ అంకె, ఒకటి దాటితే భయం, ఐదు దాటితే మంచం, సూర్యానికి తగ్గలేదు, ఎక్కుతూనే పోయింది, తనూ దించమంటూనే ఉంది, చివరికి సూర్యాన్నే దించారు, గోతిలోకి.

తరవాత తులసి మొగుడు ఉమాపతికి వచ్చింది, అదే జబ్బు, అవే ఉపవాసాలు, అవే మాటలు, తను నేర్పిన మాటలే, పోయిన వేసవిలో సాక్ష్యాల వేళ తులసి లేచి నిలబడి, నాలుగున్నర ఉన్నది ఒకటీ పాయింటు ఎనిమిదికి దిగిపోనాది, నా పెనిమిటిని పెబువు ముట్టినాడు అంది, చప్పట్లకు రేకులు అదిరాయి, మగవాళ్ళ వైపు ఉమాపతి తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు, మర్నాడే మోకు భుజాన వేసుకుని కొబ్బరి చెట్లెక్కడానికి పోయాడు, ఆరోజు సీతారత్నం అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది, అరచేతులు మండాయి, ఇంటికొచ్చి వండిన కూడు కుక్కకి వేసేసి గోడవైపు తిరిగి పడుకుంది, ఒకే తండ్రి కదా, ఒకే తలుపు తట్టాం కదా, దానికి తీసి నా ముఖం మీద వేశావేం అని, అప్పట్నుంచి ఉమాపతి ఎదురైతే ముందు పాదాలు చూస్తుంది, వాచాయా, తరవాత ముఖం, ఉబ్బిందా, నల్లబడిందా, బాగున్నావా వదినా అంటాడు అతను, ఎంత గట్టిగా ఉన్నాడో చూడు అని కడుపు రగిలిపోతుంది, మొగుడి జబ్బు నాడు కూడా మొగుడి పాదాలు ఇంత శ్రద్ధగా చూడలేదేమో.

ఒళ్ళో పాటల పుస్తకం, పుస్తకంలో నాలుగు మడతల కాగితం, అది ఉందన్న ధ్యాసకే వేళ్ళు వెచ్చబడుతున్నాయి, గురువారం తన షుగరు కోసం పలాసలో నెత్తురు పరీక్ష గదికి వెళ్ళినప్పుడు అక్కడ పనిచేసే ఢిల్లీబాబు పిలిచి ఇచ్చాడు, అప్పా, మీ ఊరి ఉమాపతి కాయితం ఇది, తులసక్క ఇయ్యాల రానేదు, తన సేతికి తప్ప ఎవులికీ ఇవ్వొద్దన్నాది, నువ్వయితే పరవానేదు, మీరిద్దరూ ఒకటే గదా అన్నాడు, ఒకటే, అవును ఒకటే, ఆటో కదలకముందే విప్పింది, ఇంగ్లీషు రాకపోయినా ఆ అంకె ఏ వరసలో ఉంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు, ఆరు పాయింటు నాలుగు, మళ్ళీ చూసింది, ఆరు, పాయింటు, నాలుగు, ఎందుకు అబద్ధమాడాలి, ఆ క్షణాన ఆమె సంతోషించింది, నాలుగేళ్ళలో అంత సంతోషం ఎరగదు, బజారులో దిగి పావుకిలో జిలేబీ కొనుక్కుని, షుగరు మనిషి, నిలబడి తినేసింది. ఎవులికీ ఇవ్వొద్దన్నాదంట, ఎందుకు ఇవ్వనిస్తుంది, సాక్ష్యం చెప్పిన నోరు కదా, తగ్గలేదని తెలిస్తే పాట పోతుంది, ముందు వరస పోతుంది, దొంగముండ, దేవుడి పేరు చెప్పి ఎంత నాటకం, శనివారం మిల్లులో తులసి పక్కకు వచ్చి, అప్పా, ఢిల్లీబాబు కాయితం నీకిచ్చినాడంట గదా అంటే, ఇంటికాడ మర్సిపోనానే, రేపు గుడికి తెస్తాను అంది తను, ఎంతున్నాదప్పా అని తులసి, నాను ఇప్పనేదే అని తను, తులసి తన చెయ్యి పట్టుకుంది, ఏరి ఏరి గరుకైన వేళ్ళు, మరెవులికీ సెప్పకప్పా, నీకు దండం పెడతాను అంది, చెప్పనులేవే అని ఆ చేతి మీద చెయ్యి వేసి నిమిరింది కూడా, నిమురుతున్నంతసేపూ రేపు ఏ మాటలతో చెప్పాలా అని కూర్చుకుంటూనే ఉంది.

పాట అయిపోయింది, ఇవాళ మొదటి ఆదివారం, ముందు బల్ల మీద తెల్లగుడ్డ కప్పిన పళ్ళెం, రొట్టె ముక్కలు, చిన్న చిన్న గిన్నెల్లో ద్రాక్షరసం, దానికి ముందు మనవులు, ఎవరికి ఏ కష్టముంటే ఆ కష్టం లేచి చెప్పుకుంటే అందరూ కలిసి ప్రార్థిస్తారు, ఎదుటివాళ్ళ గుట్టు పదిమందిలో విప్పాలంటే ఇంతకంటే చక్కని చోటు లేదు, బజారులో అంటే చాడీ, ఇక్కడ అంటే ప్రేమ, మోహిని లేచి కొడుకు పరీక్ష అంది, ఇంకెవరో జీడిపూత మాడిపోతోందన్నారు, ఇంకేమైనా ఉన్నాయా అన్నారు యుగంధర్‌గారు, మోకాలి నొప్పి ఏమైపోయిందో, చటుక్కున లేచింది సీతారత్నం, ముసుగు సర్దుకుంది, గొంతులోకి తడి దానంతటదే వచ్చింది, అయ్యగారూ, మన ఉమాపతి తమ్ముడి కోసం అందరూ పార్తన సెయ్యాల, కిరియాటిన్ ఆరు పాయింటు నాలుక్కి ఎక్కిపోనాది, గురువారం కాయితం వచ్చినాది, తులసి పాపం ఎవులికీ సెప్పుకోనేక లోపల్లోపల కుమిలిపోతన్నాది, అందికే నాను సెప్తన్నాను, అంది, పుస్తకంలోంచి కాగితం తీసి చూపించింది కూడా, ఎవరైనా నమ్మరేమోనని.

తులసి ముఖం పాలిపోవడం చూడాలని తిరిగింది, అందుకోసమే కదా మూడు రోజులు కాచుకుంది, కానీ తులసి తనను చూడటం లేదు, మందిరాన్ని చూడటం లేదు, మగవాళ్ళ వైపు, రెండో వరసలో, ఒక్క మనిషిని చూస్తోంది, ఆ మనిషి ముందు నవ్వాడు, వదిన పొరపాటు పడిందన్నట్టు నవ్వి, తులసీ, ఒకటీ పాయింటు ఎనిమిదే గదే అన్నాడు, ఒకటీ పాయింటు ఎనిమిది అన్నావు గదే, మళ్ళీ అన్నాడు, ఈసారి గొంతు చిన్నది, ఆ తరవాత నెమ్మదిగా వంగి, పంట్లాం అంచు పైకి లాగి, బొటనవేలితో ముంగాలి మీద నొక్కాడు, తీశాడు, గుంట పడింది, పూడుతుందేమోనని చూస్తూ కూర్చున్నాడు, చెట్లెక్కి వాచిందనుకున్నాను అన్నాడు, ఎవరితోనో కాదు, ఆ కాలితోనే అన్నట్టు, అప్పుడు తులసి ఇటు తిరిగింది, తిట్టలేదు, ఏడవలేదు, నీకు తెలుసు గదప్పా, అంది.

తెలుసు, ఏం తెలుసు, కూలబడింది సీతారత్నం, కాగితం ఒళ్ళో పడింది, ఎవులికీ అంటే మందిరంలో వాళ్ళకి అనుకుంది, ఆ ఎవులికీలో మొదటివాడు ఉమాపతి అని ఎందుకు తట్టలేదు, తట్టకుండా ఎలా ఉంది, తను చెయ్యని పనా, సూర్యానికి ఐదు దాటిన రోజు కాగితం రవికెలో దాచుకుని ఇంటికొచ్చి, ఎంతే రత్నం అంటే, ఒకటీ పాయింటు తొమ్మిది, దిగిపోనాది అని చెప్పింది ఎవరు, ఈ నోరే, నాలుగు నెలలు అదే అబద్ధం, అంకె తెలిసిన రోజే సగం చచ్చిపోయేవాళ్ళని ఈ ఊళ్ళో ఎందర్ని చూడలేదు, ఆ నాలుగు నెలలూ సూర్యం కడుపారా తిన్నాడు, గోడకు సున్నం వేశాడు, క్రిస్మసుకి వెదురు చీల్చి ఇంటి మీద నక్షత్రం కట్టాడు, బాగైపోనాను గదే అన్నాడు, ఆ అబద్ధం బరువు మొయ్యలేక ఏరుడు బల్ల దగ్గర ఒక్కరికి చెప్పుకుంది, ఒక్క తులసికి, తులసి పప్పు ఏరుతూనే విని, నా నోట్లోంచి రాదప్పా అంది, రాలేదు, సూర్యం పోయాక కూడా రాలేదు, ఆఖరికి సూర్యం కూడా ఇలాగే వంగి, ఇలాగే నొక్కి, ఏటే రత్నం, గుంట పూడట్నేదు అన్నాడు, అతనికి అంకె చెప్పింది అతని కాలే, ఏ ఆడదీ పదిమందిలో లేచి చెప్పలేదు, మరి ఉమాపతికి ఇంకా ఎన్నాళ్ళుండేవో, రెండు నెలలో, మూడో, చెట్టెక్కే రోజులు, నిద్రపట్టే రాత్రులు, వాటిని ఇప్పుడే, ఈ చాప మీద, గొంతులో తడి తెచ్చుకుని తీసేసుకుంది.

పళ్ళెం వస్తోంది, వరస వెంట వరస, ఎవరి మీదైనా ఏదైనా ఉంటే ముందు వెళ్ళి సమాధానపడి రావాలని ప్రతి నెలా చెబుతారు, ప్రతి నెలా నాకెవరి మీదా ఏమీ లేదనుకుని చెయ్యి చాపేది, ఇవాళ పళ్ళెం ముందుకు వస్తే తల అడ్డంగా ఊపింది, లేచి, కాలీడ్చుకుంటూ మొదటి చాప దాకా వెళ్ళి తులసి పక్కన కూర్చుంది, తులసి జరగలేదు, చోటూ ఇవ్వలేదు, తప్పయిపోనాదే అంటే వినబడనట్టు మొగుడినే చూస్తోంది, అతను ఇంకా నొక్కుకుంటున్నాడు, ఒక గుంట, దాని పక్కన ఇంకో గుంట, సీతారత్నం లోపల ఆ పాత మంట కోసం తడుముకుంది, లేదు, ఆరిపోయింది, ఇక తులసిని చూసి కుళ్ళడానికి ఏముంది, తనెలాగో తులసీ అలాగే, ఒకే తట్టలో, దేవుడు వాళ్ళ మాటే వింటాడు నా మాట వినడు అని నాలుగేళ్ళు ఏడ్చింది, కానీ ఆ నాలుగేళ్ళూ పప్పు ఏరుతూ, పాట పాడుతూ, ఉమాపతి పాదాలు చూస్తూ, పెదవి కదపకుండా తను అడిగింది మాత్రం ఒక్కటే, తులసి కూడా నాలా అయిపోవాలని, ఏ ఉపవాసంలోనూ అంత గట్టిగా ఏదీ అడగలేదు, ఇవాళ అది దొరికింది.