మొదటి పాఠం: బయటికి దారి

ఆ ఎడిటర్ పేరు చెప్పను. చెబితే దానికి పోటీగా ఉన్న రెండో ఎడిటర్ వాడేవాళ్ళు ఇక్కడితో చదవడం మానేస్తారు. మొదటిది వాడేవాళ్ళు నా తప్పులు పట్టుకోవడానికి చదువుతారు. కంప్యూటర్‌లో రాసుకోవడానికి పనికొచ్చే ఒక ఉచిత సాధనం అనుకోండి, చాలు. దాని గొప్పతనమూ జబ్బూ ఒకటే: అందులో మార్చుకోలేనిదంటూ లేదు. ఏ మీట నొక్కితే ఏం జరగాలో, తెర ఏ రంగులో ఉండాలో, అన్నీ మన ఇష్టం. అద్దె ఇంట్లో మేకు కొట్టాలన్నా ఓనరును అడగాల్సిన మనిషికి, గోడలే జరుపుకోవచ్చని చెబితే ఎలా ఉంటుంది? కేరళలో మా ఇరింజాలకుడ ఊరి మిత్రులకు ఆ ఎడిటర్ దొరికినప్పుడు అలాగే ఉండింది. అప్పట్నుంచి గోడలు జరుపుతూనే ఉన్నారు.

ప్రతి ఆదివారం వాయనశాల, అంటే మా ఊరి గ్రంథాలయం, మేడమీద, పేపర్లు చదివే గది పక్కన కలుస్తాం. పాలు లేని టీ, వేడి పళంపొరి, అంటే అరటిపండు బజ్జీలు, కిందినుంచి వస్తాయి. పౌలోస్ కరెంటు ఆఫీసులో ఇంజినీరు. భార్గవన్ సహకార బ్యాంకులో పనిచేసి దిగిపోయాడు. ఇద్దరిదీ ఒకే ఎడిటర్, ఒకే పార్టీ. అయినా రాసింది సేవ్ చేసి దాచే మీట ఎక్కడ ఉండాలన్న విషయంలో తేడా వచ్చి ఒక వానాకాలమంతా మాట్లాడుకోలేదు. నేను కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. పేరు అచ్యుతన్. ఊళ్ళో అందరికీ మాష్‌ని, అంటే మాస్టారిని.

కొత్తవాళ్ళకు పాఠాలు రాసే పని నా నెత్తిన పడడానికి కారణం వాళ్ళిద్దరే. పౌలోస్ రాసిన పాఠం "ముందుగా ఎడిటర్‌ను మీరే తయారు చేసుకోండి" అని మొదలైంది. భార్గవన్ పాఠం ఎడిటర్ చరిత్రతో మొదలై చరిత్రతోనే ముగిసింది. పాఠకుడు ఒక్క అక్షరమైనా టైపు చేసే అవకాశం ఆయన ఎక్కడా ఇవ్వలేదు.

"మాషే, మీరే రాయండి. మీకు తక్కువ తెలుసు కాబట్టి సులభంగా ఉంటుంది" అన్నాడు పౌలోస్.

పొగడ్త అనే తీసుకున్నాను. నా కంప్యూటర్ ముందు కూర్చుని, ప్రతి మీటా నొక్కి సరిచూసుకుని, మొదటి పాఠం రాశాను. నా భార్య సుభద్ర విశ్వవిద్యాలయం కంప్యూటర్ విభాగంలో పనిచేసేది. నాకు ఆ ఎడిటర్ పెట్టిచ్చింది, చేయి పట్టుకుని నేర్పింది ఆమే. ఆమె పోయాక కూడా వేళ్ళు ఆ దారిలోనే నడుస్తున్నాయి. నాకు తెలిసిందంతా ఆ పాఠంలో పెట్టాను.

దాన్ని మొదట అందుకున్నది రోసిలీ.

కోర్టు రోడ్డులో ఆమెది చిన్న టైపింగ్ దుకాణం. అర్జీలు, పెళ్ళి పత్రికలు, సంఘాల నివేదికలు టైపు చేస్తుంది. ఆ ఏడు వాళ్ళ చర్చి పెరున్నాళ్ పండక్కి తెచ్చే వజ్రోత్సవ సంచిక పని ఆమెకు వచ్చింది. టైపూ దిద్దుబాట్లూ ఆమెవి, పేజీలు కూర్చేది ప్రెస్సువాళ్ళు. సగంలో కుడి మణికట్టు వాచింది. మౌస్ ముట్టుకుంటే రేపు గరిటె కూడా పట్టుకోలేవని డాక్టర్ చెప్పాడు. అచ్చన్, అంటే ఫాదర్, మంచివాడే గాని పండగ మంచిది కాదు, ఆగదు. బస్టాండు దగ్గర ప్రకాశన్ కొత్త దుకాణం తెరిచి కూర్చున్నాడు. సంచిక అటు వెళ్ళిందంటే దాని వెనకే ఊళ్ళోని సంఘాలన్నీ వెళతాయి. రోసిలీకి తన దుకాణం తప్ప వేరే ఆధారం లేదు.

మౌస్‌తో పనిలేకుండా రాయగలిగేది మా ఎడిటరే అని వాయనశాలలో ఎవరో చెప్పారట. నా పాఠం అచ్చు తీసుకుని వెళ్ళింది. మర్నాడే ఫోను.

"మాషే, మీ పాఠం చూసే నొక్కాను."

"శభాష్."

"కంట్రోల్ పట్టుకుని రెండు అంకె నొక్కితే వాక్యం చెరిగిపోతుందన్నారు కదా. తెర రెండు ముక్కలైంది."

"మళ్ళీ నొక్కు."

"నొక్కాను. ఇప్పుడు మూడు."

"రోసిలీ, జాగ్రత్తగా చదివావా?"

"కంఠతా వచ్చేసింది మాషే. తప్పు నాదే అయ్యుంటుంది. మా అమ్మ ముందే చెప్పింది, నీ బుర్ర చేపల పులుసుకు తప్ప దేనికీ పనికిరాదని."

ఆ మాట నన్ను కుట్టింది. వెంటనే పౌలోస్‌నూ భార్గవన్‌నూ వెంటబెట్టుకుని కోర్టు రోడ్డుకు వెళ్ళాను. ఎడమ చేత్తోనే టీ చేసిచ్చింది. కుడి చేతికి కట్టు.

"కీబోర్డు పాతది" అన్నాడు పౌలోస్, కూర్చోకుండానే.

"కీబోర్డుకేం, దిట్టంగా ఉంది. జరుగు, నన్ను చూడనీ" అని భార్గవన్ కుర్చీలో సర్దుకున్నాడు. కచేరీకి ముందు మృదంగం వాయించేవాడిలా వేళ్ళు విదిల్చి, చకచకా నాలుగు మీటలు నొక్కాడు. తెర మీద పంచాంగం వచ్చింది. ఆ నెల పౌర్ణమి ఎప్పుడో చూపించింది.

"ఇది నాకు అక్కర్లేదు చేట్టా" అంది రోసిలీ మెల్లిగా. మా దగ్గర అన్న చేట్టన్, అక్క చేచ్చి. "నాకు మా అచ్చన్‌ని 'వికారియచ్చన్' అన్న చోట ఒక అక్షరం దిద్దాలి, అంతే."

"నా మిషన్‌లో ఇదే మీటకు దిద్దుతుంది!"

"తప్పుకోండి భార్గవన్ చేట్టా, బ్యాంకు ఖాతా కాదిది" అని పౌలోస్ ఆయన్ను లేపాడు. పంచాంగం మూయబోయాడు. ఎడిటర్ ఏదో అడిగింది. అవునన్నాడు. ఇంకేదో అడిగింది. కాదన్నాడు. మొదటి ప్రశ్నే మళ్ళీ అడిగింది. పౌలోస్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది నన్ను అడుగుతోందా, మిమ్మల్నా?" అంది రోసిలీ. "చర్చిలో పాపాలు చెప్పుకునేటప్పుడు కూడా ఇన్ని ప్రశ్నలుండవు."

"ఒక్క నిమిషం. బయటికి వెళ్ళే మీట..."

"ఏదీ?"

"నాకు ఎఫ్ తొమ్మిది. ఇక్కడ..."

మేము ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అప్పటికి అర్థమైంది. ఏ మార్పూ చేయని ఎడిటర్‌ను మాలో ఎవరమూ ఏళ్ళ తరబడి చూడలేదు. ఎవరి గోడలు వాళ్ళు జరుపుకున్నాం. ఇప్పుడు కట్టినవాడు కట్టినట్టే ఉన్న ఇంట్లోకి వస్తే తలుపెక్కడుందో తెలియడం లేదు. నేను రాసిన పాఠం ఎడిటర్‌ది కాదు. సుభద్ర నాకోసం సర్దిపెట్టిన ఎడిటర్‌ది. ఆ మీటలు ప్రపంచంలో నా బల్ల మీద తప్ప ఎక్కడా పనిచేయవు.

రోసిలీ వంగి ప్లగ్గు పీకేసింది. తెర నల్లబడింది.

"చాలు మాషే. మీ ముగ్గురికే రాకపోతే నాకేం వస్తుంది? అచ్చన్‌కి చెప్తాను, సంచిక ప్రకాశన్‌కి ఇచ్చెయ్యమని."

"తప్పు నీది కాదు రోసిలీ. పాఠానిది. బుధవారం దాకా ఆగు."

"బుధవారం దాకా ఆగుతాను. గురువారం ఆగమని అచ్చన్‌ని అడగలేను."

ఇంటికొచ్చి, సెట్టింగులేవీ లేకుండా ఎడిటర్ తెరిచాను. సుభద్ర సర్దిపెట్టిన సెట్టింగుల ఫైలు ఎక్కడికీ పోదు, పక్కన ఉంటుంది, ఈసారికి దాన్ని పిలవమంతే. అది తెలిసినా మీట నొక్కేముందు కాస్త ఆగాను. తెర తెల్లగా మెరిసింది. అందులో అక్షరాలు చక్కెర పలుకు చుట్టూ చేరిన చీమల్లా ఉన్నాయి. ఎడిటర్ పాడైందనుకుని పౌలోస్‌కి ఫోన్ చేశాను.

"పాడవలేదు మాషే. కళ్ళజోడు పెట్టుకోండి."

"నాకు కళ్ళజోడు అక్కర్లేదని నీకు తెలుసు. ఈ వయసులో..."

"...జోడు లేకుండా రాస్తాను, తెలుసు. ప్రతి ఆదివారం వింటున్నాం. మాషే, ఒక మాట. కోపం తెచ్చుకోకండి. మీ పుట్టినరోజు వచ్చిందంటే సుభద్ర చేచ్చి నాకు ఫోన్ చేసేది. 'పౌలోసూ, అక్షరం ఇంకో మెట్టు పెంచాలి, మాష్‌కి చెప్పకు' అనేది. ఎలా పెంచాలో మొదటిసారే నేర్చేసుకుంది. తర్వాత ఊరికే, నవ్వుకోవడానికి చేసేది."

"మీ అందరికీ తెలుసా?"

"మీరు మీ కళ్ళ గురించి గొప్పలు చెప్తుంటే భార్గవన్ చేట్టన్ పళంపొరి నోట్లో కుక్కుకునేవాడు. ఎందుకనుకున్నారు?"

ఆకలనుకున్నాను. ఫోన్ పెట్టేసి, బియ్యం ఏరడానికి వాడే కళ్ళజోడు వంటింట్లోంచి తెచ్చుకున్నాను. బియ్యానికి వాడే జోడు లెక్కలోకి రాదని నా నమ్మకం.

పాఠం మళ్ళీ మొదలుపెట్టాను. ఒక పేజీ రాశానో లేదో ఎక్కడో వేలు జారింది. ఎడిటర్ నన్నూ ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. జవాబు చెప్పిన కొద్దీ లోపలికి లాక్కుపోయింది. అరవై దాటినవాణ్ణి, డిగ్రీలున్నవాణ్ణి, నా ఇంట్లో నా కుర్చీలో తప్పిపోయాను. చెమట పట్టింది. "నా బుర్ర దేనికీ పనికిరాదు" అని రోసిలీ అన్న మాట నా నోటికే వచ్చింది. ఆఖరికి ఏ మీట నొక్కానో నొక్కాను, అన్నీ మాయమై నా పేజీ కనిపించింది. ఏ చిక్కులోంచైనా బయటికి తెచ్చే మీట అది. నా మొదటి పాఠంలో దాని పేరే లేదు. సుభద్ర ఏర్పాటులో నాకు ఎప్పుడూ అవసరం పడలేదు మరి.

ఇంకో పేజీ రాశాను. తులావర్షం, అంటే తులా మాసంలో వచ్చే ఉరుముల వాన, మొదలైంది. మధ్యాహ్నమే చీకటి పడింది, ఉరిమింది, కరెంటు పోయింది. నాకేం కంగారు లేదు. కరెంటు పోయినా నా రాత పోకపోవడం ఎన్నోసార్లు చూశాను. ఎంత బుద్ధిగల ఎడిటరో అని అందరికీ చెప్పుకున్నాను కూడా.

కరెంటు వచ్చింది. రెండు పేజీలూ లేవు.

ఈసారి పౌలోస్‌కి ఫోన్ చేయలేదు. రాసింది తనంతట తానే దాచుకునే ఆ బుద్ధి ఎవరిదో అడగక్కర్లేకుండానే తెలిసింది. వాన చూస్తూ టీ పెట్టుకున్నాను. పోయిన పేజీలు అంత బాగా లేవు కూడా. అదీ ఒక మేలే.

బుధవారం పొద్దున్నే కళ్ళజోడుతో రోసిలీ దుకాణానికి వెళ్ళాను.

"మాషే, జోడెప్పుడు వచ్చింది?"

"నిన్న. నువ్వు నొక్కు, ఏం జరిగిందో నేను రాస్తాను. జరగనిది రాయను."

ఆమె ఎడమ చేతి వేళ్ళతో మొదలుపెట్టింది. మొదటి వాక్యం: 'ఏం జరిగినా ఈ మీట నొక్కితే బయటికి వచ్చేస్తారు.' రోసిలీ కావాలనే చిక్కుల్లోకి వెళ్ళి బయటికి వచ్చి చూసింది. పంచాంగంలోంచి వచ్చింది. ప్రశ్నల్లోంచి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది, చిన్నపిల్ల గుమ్మం దాటుతూ ఆడుకున్నట్టు. రెండో వాక్యం: 'రాసింది దాచుకోండి, ఉరుము కోసం ఎదురుచూడకండి.' మూడోది, చేసిన తప్పును వెనక్కి తీసుకోవడం. అది పనిచేసినప్పుడు ఆమె కట్టు మీద చెయ్యి వేసుకుని నవ్వింది.

"ఈ మీట మనుషులకు కూడా ఉంటే అచ్చన్ దగ్గరికి ఎవరూ వెళ్ళరు మాషే."

మధ్యాహ్నానికి వికారియచ్చన్ పేరులో అక్షరం దిద్దింది. సాయంత్రానికి మౌస్‌ను సొరుగులో పెట్టి మూసింది. ప్రకాశన్‌కి కబురు వెళ్ళలేదు. సంచిక పండగ ముందురోజు తడి సిరా వాసనతో వచ్చింది. అచ్చన్ పేరు సరిగ్గానే ఉంది. ముఖచిత్రం తలకిందులైంది గాని అది ప్రెస్సువాళ్ళ పని.

పెరున్నాళ్‌నాడు బ్యాండు మోతలో రోసిలీ కనిపించింది. కట్టు లేదు. ఊరేగింపు గొడుగుల పక్కన నిలబడి, పక్క కొట్టు దర్జీ ఆవిడకు ఏదో గట్టిగా చెబుతోంది.

"కంట్రోల్ పట్టుకుని ఏడు నొక్కు చేచ్చీ! పేజీ మొత్తం సర్దేస్తుంది. ఎంత సుఖమో!"

గొడుగుల మధ్యలోంచి దూరి దగ్గరికి వెళ్ళాను. ఏడు మీద మామూలు ఎడిటర్‌లో అలాంటిదేమీ లేదు.

"రోసిలీ, ఏడు నువ్వు పెట్టుకున్నావా?"

"పౌలోస్ చేట్టన్ చూపించారు. రాత్రి కూర్చుని పెట్టుకున్నాను. ఎందుకు మాషే?"

"ఏం లేదు" అన్నాను. "ఈ చేచ్చికి ముందు బయటికి వచ్చే మీట చెప్పు."

ఇంటికొచ్చి సుభద్ర ఎడిటర్ తెరిచాను. నా పుట్టినరోజు వెళ్ళి వారమైంది. అక్షరం ఒక మెట్టు పెంచుకున్నాను. కళ్ళజోడు వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టేసి, రెండో పాఠం మొదలుపెట్టాను.