అమ్మ చదివిన ఆరు అక్షరాలు

ఇరవై రెండేళ్లుగా సీరియళ్లలో నటులకు బట్టలు తొడుగుతున్నాను, గుండీలు కుడుతున్నాను, పొట్ట పెరిగిన హీరోలకు కుట్లు విప్పుతున్నాను. కైరోలో నా చెయ్యి పడని కోటు లేదంటే నమ్మండి. కానీ టీవీలో నా పేరును మా అమ్మ ఒక్కసారి కూడా చూడలేదు. సీరియల్ చివర మా పేర్లు మొదలయ్యేసరికి చానెల్ వాడు సబ్బు ప్రకటన వేసేస్తాడు. వాడి చేతులు పడిపోను!

"అసలు నీ పేరు వేస్తారటే, లేక మా చెవిలో పువ్వులు పెడుతున్నావా?" అని పక్కింటి షౌకీ తల్లి, కొత్త సీరియళ్లు వచ్చే ప్రతి రంజాన్ నెలలోనూ దెప్పేది. నాకు ఒళ్లు మండేది. అమ్మ మాత్రం ఏమీ అనేది కాదు. నాకు అదే ఎక్కువ బాధగా ఉండేది.

అమ్మ పేరు బహానా. అరవై ఎనిమిదో ఏట రాత్రి బడిలో చేరి అక్షరాలు నేర్చుకుంది. ఈ ఏడు కొత్త సీరియల్ అగ్రిమెంట్ ఇంటికి తెచ్చి, ఎప్పటిలాగే చివరి పేజీ తిప్పి సంతకం పెట్టబోతుంటే కాగితాలు లాక్కుంది.

"ఆగవే. చదవనీ."

"అది చదివేది కాదమ్మా, సంతకం పెట్టేది."

"చదవకుండా పెట్టేదానికి సంతకం ఎందుకే? వేలిముద్ర చాలదూ? ఇన్నేళ్లూ నేను వేసింది అదేగా!"

కాగితాలు ఆవిడకే వదిలేశాను. ఒక్కో మాట కింద వేలు పెట్టుకుని, కూడబలుక్కుని చదవడానికి ఆవిడకు రెండు రోజులు పట్టింది. ఎనిమిదో షరతు దగ్గర వేలు ఆగింది.

"'పేరు ముగింపు టైటిళ్లలో వేయబడును.' ముగింపంటే ఆ సబ్బు వచ్చే చోటేనా?"

"అదే."

"ఇరవై రెండేళ్లూ ఇదే రాశారా?"

ఏమో, నాకేం తెలుసు? నేను ఎనిమిదో షరతు దాకా ఎన్నడైనా వెళ్తే కదా! సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

మర్నాడు ప్రొడక్షన్ మేనేజర్ వగ్దీ దగ్గరికి వెళ్లాను. 'ముగింపు' కొట్టేసి 'ప్రారంభ' అని రాయమన్నాను. పక్కన 'ప్రతి ఎపిసోడ్‌లోనూ' అని చేర్చమన్నాను. అదీ అమ్మ చెప్పిన మాటే.

"నువ్వేమన్నా హీరోయిన్‌వా, ఇన్షిరాహ్?"

"నేను లేకుండా హీరోయిన్‌కు ఆ గౌను ఎక్కించండి చూద్దాం, ఉస్తాద్!"

ఆయన నవ్వి, దిద్ది, పక్కన సంతకం పెట్టాడు.

రంజాన్ మొదటి రోజు. ఇఫ్తార్ అవగానే సందు సందంతా మా ఇంట్లోనే. టైటిల్ పాట మొదలైంది, నా పేరు వచ్చింది! ఆడవాళ్ల కేరింతలతో ఇల్లు దద్దరిల్లింది. షౌకీ తల్లి నా నోట్లో మిఠాయి కుక్కింది.

"చదివావా అమ్మా?"

"మొదటి అక్షరం అలిఫ్ అనేసరికి వెళ్లిపోయిందే," అంది అమ్మ.

నా ప్రాణం ఉసూరుమంది.

"ఫోన్లో ఫోటో తీసి చూపిస్తా ఉండు, అత్తా," అంది షౌకీ తల్లి.

"అక్కర్లేదు. ప్రతి ఎపిసోడ్‌లోనూ అని ఊరికే రాయించానా? ముప్పై రోజులున్నాయి. రేపు నూన్ చదువుతా."

అన్నట్టే రోజుకో అక్షరం; అరబ్బీలో నా పేరుకు ఆరు. నూన్, షీన్, రే, మళ్లీ అలిఫ్. ఆరో రోజు అందరం టీవీకి దగ్గరగా జరిగాం. పేరు వచ్చింది, పోయింది. అమ్మ మొహం చిట్లించింది.

"హా ఏదే?"

"ఏ హా?"

"నీ పేరు చివరి హా. ఐదక్షరాలే వేశారు. ఎవరిదే ఆ పేరు?"

ఆరు రోజులుగా సందంతా చూసింది. చదువుకున్నదాన్ని, నేనూ చూశాను. ఒక్కరికీ కనపడలేదు!

మర్నాడు అగ్రిమెంట్ తీసుకెళ్లి వగ్దీ ముందు పెట్టాను. ఆయన తెరమీద పేరునూ కాగితం మీద పేరునూ పోల్చి చూసి, నెత్తి గోక్కున్నాడు.

"ఎవరు పట్టుకున్నారిది?"

"మా లాయరు," అన్నాను.

రెండు రోజుల్లో దిద్దారు. ఆ సాయంత్రం పాటలో నా పేరు రాగానే మేడల మీంచి, మెట్ల మీంచి ఒకటే కేరింతలు. అమ్మ చెయ్యెత్తి కసిరింది.

"నోళ్లు మూయండే! నేనింకా చదువుతున్నా!"

తెర మీద పేరు ఎప్పుడో పోయింది. అమ్మ కళ్లు తుడుచుకుని, చివరి హా గట్టిగా పలికింది.