గుర్రపుడెక్క పూల రంగు

నెల్సన్ కళ్లముందే గోడ ఊడిపోతోంది. తడి స్పాంజి తగిలిన చోటల్లా రంగు పొరలుగా లేచి చేతిలోకి వస్తోంది. దాని కింద నల్లటి మార్కరు అక్షరాలు.

కిటికీలోంచి చూశాడు. గట్టు చివర జీపు దుమ్ము. ఐదు నిమిషాల్లో చెరువుల యజమాని వెంకట్రాజు వచ్చేస్తారు.

"అక్కా, నువ్వు బయట కూర్చో" అన్నాడు.

దానమ్మ కదల్లేదు. అప్పటికే చదివేసింది.

అది ట్రాక్టరుతో ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు లాక్కెళ్లే చక్రాల గది. లోపల గోడలన్నీ కాగితం అంటించిన పలకలు. దానమ్మ భర్త ఎలీయాజరు ఆరేళ్లు ఇందులోనే ఉండి కొల్లేటి చేపల చెరువులు కాశాడు. మూడు వారాల క్రితం, తొమ్మిదో తేదీ పొద్దున, నీళ్లు చిలికే ఏరియేటర్ పక్కన శవమై తేలాడు. గట్టు మీద ఖాళీ సీసా దొరికింది. తాగి పడ్డాడన్నారు. సాయంత్రానికి పూడ్చేశారు.

ఎలీయాజరు బాప్తిస్మం తీసుకుని పదకొండేళ్లు. ఆ తర్వాత చుక్క ముట్టలేదు. ఈ రోజు, తాగి నీళ్లలో పడి చనిపోయాడని రాసిన కాగితం మీద దానమ్మ సంతకం చేయాలి. అందుకే రాజుగారు ఆమెను చెరువు దగ్గరికి రమ్మన్నారు. సోమవారం కొత్త కాపలాదారు దిగుతాడు, గోడ రంగు పెచ్చులూడుతోందని తాడేపల్లిగూడెం నుంచి ఆమె తమ్ముడు, పెయింటర్ నెల్సన్‌నీ పిలిపించారు.

కాగితం పలకకు రంగు పట్టాలంటే ముందు ఆయిల్ ప్రైమరు పూత పట్టించాలి. ఇక్కడెవరో సిమెంటు గోడకు వేసినట్టు నేరుగా పూసేశారు. పనివాడు కాదు. ఆ సంగతి గుమ్మంలోనే తెలిసింది నెల్సన్‌కి. ఇంకో సంగతి కూడా తెలిసింది. అది నోటిదాకా రానివ్వలేదు.

జీపు ఆగింది. వెంకట్రాజు లోపలికొచ్చారు. చెరువుల సూపర్‌వైజరు సుకుమార్ మాత్రం మెట్టు మీదే నిలబడిపోయాడు. అతను దానమ్మ, ఎలీయాజరుల కొడుకు.

రాజుగారు గోడ మీది ఎలీయాజరు రాత వైపు తిరిగారు.

*3వ తేదీ. రెండో ఏరియేటర్ షాకు కొడుతోంది. చెప్పాను.*

*5. మళ్లీ కొట్టింది. చెప్పాను.*

*8. చెయ్యి తిమ్మిరి తగ్గలేదు. చెప్పాను.*

ఆయన రెండుసార్లు చదివారు. మొహం పాలిపోయింది.

"నాకు చెప్పలేదు దానమ్మా. నా పిల్లల మీద ఒట్టు."

సుకుమార్ బయటి నుంచే, నాన్నకి చాదస్తమండీ, ఏదో ఒకటి గోడకి రాసుకునేవాడు, అన్నాడు.

"చాదస్తమైతే రంగేసి కప్పడమెందుకు?" రాజుగారు నెల్సన్ వైపు తిరిగారు. "ఈ రంగు ఎవరేశారో చెప్పగలవా?"

నెల్సన్ స్పాంజి పిండాడు. నీలంలో ఊదా చుక్క. ఈ రంగు ఏ కొట్లోనూ దొరకదు. పోయిన క్రిస్మస్‌కి అక్క ముందుగదికి తనే చేత్తో కలిపాడు. గుర్రపుడెక్క పూల రంగు కావాలంది అక్క. కలుపు మొక్క రంగు ఇంటికేంటే అని ఎలీయాజరు బావ రెండ్రోజులు నవ్వాడు. ఆ సిమెంటు గోడకి రోలరు పట్టుకుని సాయం చేసింది మేనల్లుడు సుకుమార్ ఒక్కడే.

దానమ్మ ముందుకొచ్చి, గోడ మీద మిగిలిన రంగు పొరను గోటితో లాగి అరచేతిలో పెట్టుకుంది. వెలుతురుకి తిప్పి చూసింది. తర్వాత సంతకం కాగితం తీసుకుని, మడిచి, రాజుగారి చేతిలోనే పెట్టేసింది.

"మా మంచం కింద ఈ రంగు సగం బక్కెట్టు ఉండాలండి. మొన్న ఊడుస్తుంటే లేదు. ఎవరో అడిగితే మా ఆయన ఇచ్చేశాడేమో అనుకున్నాను."

మెట్టు మీద సుకుమార్ "అమ్మా" అన్నాడు.

ఆమె అతని వైపు చూడలేదు.

"ఆయన పేరు రాయలేదు చూశారా. మూడుసార్లు చెప్పాడు, ఒక్కసారి కూడా పేరు రాయలేదు. పిల్లాడికి మాట వస్తుందని." పొరను గుప్పెట్లో నలిపేసింది. "నేను చెబుతానండి. ఆయన చెప్పుకున్నది సుకుమార్‌కి. సీసా పెట్టిందీ, రంగేసిందీ వాడే. నా కొడుకు సుకుమార్."