రాయి రాలని నోరు

పొద్దున్నే మొదటి పీరియడు నోరు తిరగని వాక్యాలది. ఏ పిల్లకి ఏ అక్షరం పలకదో కనిపెట్టి, సరిగ్గా ఆ అక్షరంతోనే పంతులమ్మ ఒక వాక్యం కట్టి ఇచ్చేది. తప్పు పలికితే ఆ అక్షరం శనగగింజంత రాయై బల్ల మీద టక్కున రాలేది. ఎవరి రాళ్ళు వాళ్ళే ఊడ్చుకోవాలి. ఆ బడిలో నేల అద్దంలా ఉండేది. మరుగుదొడ్ల సంగతి మాత్రం అడక్కండి.

మొదట్లో పంతులమ్మ చెవులు రిక్కించి వినేది. ఏళ్ళ తరబడి విని విసిగి, ఇప్పుడు స్వెట్టరు అల్లుకుంటూ బల్లలకేసి చూసి మార్కులు వేస్తోంది.

అందరికన్నా ఎక్కువ రాళ్ళు రాల్చే పిల్లకి 'కంకర' అని పేరు పెట్టారు.

"ఏదీ, నీ పేరు చెప్పవే!" అంది పక్క బల్ల పిల్ల.

"కంకల."

టక్. క్లాసంతా గొల్లుమంది.

"రేపు ఒక్క రాయి పడిందో, కింది తరగతిలో మీ తమ్ముడి పక్కన కూర్చోబెడతా," అంది పంతులమ్మ. "వాడే నీకు పాఠం చెప్తాడు."

ఇంట్లో తమ్ముడు ఎగిరి గంతేశాడు. "అక్కా, నా పలక నువ్వే తుడవాలి, సరేనా?"

ఆ పిల్ల అద్దం ముందు నిలబడి నోరు నొప్పెట్టేదాకా పలికింది. రాళ్ళు రాలుతూనే ఉన్నాయి.

మర్నాడు లేచి నిలబడింది. "లేవులో లాళ్ళు, లాళ్ళ మీద లేళ్ళు..." రాయి నాలుక మీదికి రాగానే గుటుక్కున మింగేసింది. గొంతు గీరుకుపోయి కళ్ళనీళ్ళు తిరిగాయి. రెండోదీ మింగింది, మూడోదీ మింగింది.

పంతులమ్మ తలెత్తి బల్ల చూసింది. "శభాష్! ఇక్కడే ఉండు."

మింగిన అక్షరం మళ్ళీ పైకి రాదు. 'ర' ఉండాల్సిన చోట ఇప్పుడు 'ల' కూడా లేదు, ఉత్త గాలి. భయానికి మిగతా అక్షరాలూ తడబడసాగాయి. తడబడిందల్లా మింగింది. పరీక్షల నాటికి నోరు తెరిస్తే ఊపిరి తప్ప ఏమీ రాలేదు. పంతులమ్మ ఆమెనే ఫస్టు చేసి, "ఒక్క రాయి లేదు, చూసి నేర్చుకోండ్రా!" అంది.

"అక్కా, ఒక్కసారి నన్ను పిలవవే," అని తమ్ముడు కొంగు పట్టుకున్నట్టు గౌను పట్టుకుని వేలాడేవాడు.

"దాన్ని వేపుకు తినకురా," అని వాళ్ళమ్మ వాణ్ణి కసిరి, పక్కింటావిడ వైపు తిరిగింది. "ఎంత ఒద్దికైన పిల్లనుకున్నారు వదినా! మొన్న మరిగే నీళ్ళు కాలిమీద ఒలికితే కిక్కురుమనలేదు. పాదం బొబ్బలెక్కాక గానీ మాకు తెలియనే లేదు."